అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

మా పాల్వంచలో డ్రైవర్ల ఇళ్ళకు కొదువ లేదు. ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులు, సారపాక కాగితపు మిల్లు, ఖమ్మం మిర్చి మార్కెట్టు, గ్రానైటు క్వారీలు... వీటన్నిటి మధ్య పగలూ రాత్రీ సరుకు కదులుతూనే ఉంటుంది. లారీ యజమానులు కలిసిన ప్రతిచోటా డ్రైవర్లు దొరకడం లేదని వాపోతూ ఉంటారు. అటువంటి ఊళ్ళో చేతిలో లైసెన్సు ఉన్న యువకుడికి పని దొరకదంటే ఎవరికైనా వింతగానే తోస్తుంది. మా పెద్దబ్బాయి విషయంలో ఆ వింతను ఏడు నెలల పాటు నేను దగ్గరగా చూశాను.

వాడు చేయవలసినదంతా పద్ధతిగానే చేశాడు. సరుకు రవాణా వాహనం నడపడానికి చట్టప్రకారం 20 ఏళ్ళు నిండాలి. అంతకు ముందే తేలికపాటి వాహనపు లైసెన్సు చేతికొచ్చి ఏడాది గడవాలి. ఆ పైన శిక్షణ, రవాణాశాఖ వారి పరీక్ష. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధనను 2019లో తొలగించారు. మావాడు ఇంటర్మీడియట్ చదివాడు కనుక ఆ చిక్కు ఎలాగూ లేదు. ఇరవై మూడో ఏట కార్డు చేతికి వచ్చింది. ఆ రోజు ఇంట్లో సేమ్యా ఖీర్ వండాను.

మరునాటి నుంచి అడుగుడు మొదలైంది. కొత్తగూడెంలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, మణుగూరులో మట్టి తీసే కాంట్రాక్టర్ల క్యాంపులు, ఖమ్మంలో గ్రానైటు యార్డులు అన్నీ తిరిగాడు. ప్రతిచోటా ఒకే ప్రశ్న: “హెవీ మీద ఎన్నేళ్ళు?” వాడు “ఇప్పుడే లైసెన్సు వచ్చింది సార్” అనేవాడు. “రెండేళ్ళు ఎక్కడైనా చేసి రా, చూద్దాం.” ఆ రెండేళ్ళు ఎక్కడ చేయాలో మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

యజమానులను తప్పుపట్టడం సులభం. నేను పట్టను. కొత్త లారీ అంటే లక్షల్లో అప్పు, నెలనెలా ఫైనాన్సు వాయిదా. బండి ఒక్క వారం షెడ్డులో నిలబడితే ఆ వాయిదా ఆగదు. ప్రమాదం జరిగితే ముందు డ్రైవరు లైసెన్సునే ఇన్సూరెన్సు వారు తిరగేసి చూస్తారు. ముక్కూమొహం తెలియని కుర్రాడి చేతికి తాళం చెవి ఇమ్మంటే ఎవరికైనా గుండె జంకుతుంది.

మా వారి కాలంలో ఈ ప్రశ్నకు తావే లేదు. ఆయన పదిహేనో ఏట క్లీనరుగా లారీ ఎక్కారు. డ్రైవరు ఏ మతస్థుడైనా క్లీనరుకు ఆయన ‘ఉస్తాద్’. ఉర్దూ మాట్లాడని ఇళ్ళ పిల్లలు సైతం అలాగే పిలిచేవారు. మొదటి సంవత్సరమంతా స్టీరింగును తుడవడమే గాని పట్టుకోవడం లేదు. తెల్లవారకముందే నీళ్ళు, ఆయిలు చూడటం, టైర్లను కర్రతో తట్టి శబ్దాన్ని బట్టి గాలి అంచనా కట్టడం, జాకీ వేసి చక్రం మార్చడం, వెనక్కి తీసేటప్పుడు బండి పక్కన నిలబడి కేకవేయడం... ఇవే పాఠాలు. సరుకు కట్టడం అన్నిటికంటే పెద్ద విద్య. మిర్చి బస్తాలు ఎత్తుగా పేరుస్తారు, మలుపులో బండి ఊగుతుంది. జామాయిల్ దుంగలు జారుతాయి. గ్రానైటు రాయికి కింద ఊతం సరిగా లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది క్యాబిన్ మీదికే వస్తుంది. బొగ్గుకు పట్టా సరిగా కట్టకపోతే వెనుక వచ్చే మోటారుసైకిలు వాడి కళ్ళలో పడుతుంది. ఇవన్నీ తెలిసిన తరువాత ఒకనాడు మైదానంలో ఖాళీ బండి ఇచ్చి, “కదిలించు చూద్దాం” అన్నారట ఉస్తాద్. లైసెన్సు ఆ తరువాతి మాట. అది వచ్చేసరికి ఆయన ఎటువంటివాడో లారీ ఆఫీసులన్నిటికీ తెలిసిపోయింది. ఎవరూ ఏళ్ళు లెక్కపెట్టలేదు.

ఆ నిచ్చెన ఇప్పుడు లేదు. జీతం, బత్తా మిగులుతాయని చాలామంది యజమానులు క్లీనర్లను మానేశారు. పవర్ స్టీరింగు వచ్చింది, ట్యూబు లేని టైర్లు వచ్చాయి, ఒక్క మనిషితో నడిచిపోతుందన్నారు. నడుస్తున్నది నిజమే. కాని రేపటి డ్రైవరు తయారయ్యే ఆ పక్కసీటు ఖాళీ అయిపోయింది. తామే ఆ సీటు తీసేసి, డ్రైవర్లు దొరకడం లేదని తామే అనడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

అయిదో నెలలో ఒక కబురు వచ్చింది. అనుభవం అక్కరలేదు, ఇతరులిచ్చే జీతం కంటే ఎక్కువే ఇస్తారు, రేపే రమ్మన్నారు. ఇసుక టిప్పరు; పని రాత్రిపూట మాత్రమే. అబ్బాయి ముఖంలో వెలుగు చూసి నా మనసు కూడా ఊగింది. అప్పటికి ఇంటి అద్దె రెండు నెలలు బాకీ ఉంది. మా వారు మాత్రం నాలుగే మాటలు అడిగి రమ్మన్నారు: ఫిట్‌నెస్ పత్రం ఉందా, ఇన్సూరెన్సు నడుస్తున్నదా, ఇసుకకు వే బిల్లు ఇస్తారా, ఎన్ని టన్నులు వేస్తారు. వెళ్ళి అడిగాడు. “అవన్నీ మేం చూసుకుంటాం, నీ పని తోలడమే” అన్నారట. ఆ జవాబుతో వ్యవహారం తేలిపోయింది. కొత్తవాణ్ణి కావాలని వెతికేది ఇటువంటి బళ్ళవారే. తెలిసిన డ్రైవరు ఎక్కడు, ఎక్కినా నోరు తెరుస్తాడు. పట్టుబడితే స్టీరింగు దగ్గర దొరికేది మన పిల్లవాడు. హలాల్ సంపాదన మాట అటుంచి, వాడి పేరు మొదటే చెడితే ఈ మార్గంలో మళ్ళీ నిలబడలేడు. అబ్బాయి రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. తల్లినైన నాకు ఆ రెండు రోజులూ అన్నం రుచించలేదు. అయినా పంపలేదు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఇషా తరువాత మా వారు మూసా ప్రవక్త (అలైహిస్సలాం) గాథ ఎత్తారు. ఈజిప్టు విడిచి మద్యన్ చేరిన ఆ పరదేశికి పూచీ ఇచ్చేవారు ఎవరున్నారు? బావి దగ్గర ఇద్దరు యువతులు గుంపుకు వెనుకగా నిలబడి ఉంటే వారి పశువులకు నీళ్ళు తోడి పెట్టాడు. కూలి అడగలేదు. ఆ యువతులలో ఒకరే తరువాత తండ్రితో, ఇతణ్ణి పనిలో పెట్టుకోమని, ఇతడు బలవంతుడు, నమ్మదగినవాడని చెప్పింది. “ఆమె విన్నది కాదు, చూసింది. నిన్ను చూసే చోటికి నువ్వు వెళ్ళాలి గాని కాగితం చూపించే చోటికి కాదు” అన్నారు అబ్బాయితో.

అందుకని పెద్ద బండి ఆలోచన కొంతకాలం పక్కన పెట్టాము. మిర్చి కోతలు మొదలయ్యాయి. ఊళ్ళ నుంచి ఖమ్మం మార్కెట్టుకు, కోల్డ్ స్టోరేజీలకు బస్తాలు చేరవేసే చిన్న పికప్ వాహనాలకు ఆ కాలంలో మనుషులు చాలరు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని వాహనాన్ని తేలికపాటి లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది; 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దానిని ఖాయపరిచింది. పెద్ద లైసెన్సుకు వేచి ఉన్న పిల్లలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది; ఆ ఏడాదిని వృథాగా పోనివ్వనక్కరలేదు. మావాడు రైతుల బస్తాలు తానే కట్టేవాడు, దించేటప్పుడు లెక్క అప్పజెప్పేవాడు. మా వారు నేర్పిన ముడి మార్కెట్టులో ఒక పెద్దమనిషి కంటబడింది. “ఈ ముడి ఎవరు నేర్పారురా?” అని అడిగారట. తండ్రి పేరు చెబితే ఆయన నవ్వారట. బూర్గంపాడు వాసి, ఒకప్పుడు మా వారితో కలిసి సారపాక మిల్లుకు దుంగలు తోలినవారు. ఇప్పుడు సొంతంగా ఒక లారీ నడుపుకుంటున్నారు.

ఆయన వద్దే రెండో డ్రైవరుగా చేరాడు. మొదట జీతం తక్కువ, బత్తా మాత్రం ఉంది. దారి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్. గోదావరి వంతెన దాటి ఊరు విడిచారో లేదో ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్ వస్తుంది; చింతూరు దాటితే కుంట, అక్కడినుంచి ఛత్తీస్‌గఢ్. ఒకే పగటిలో మూడు రాష్ట్రాల నేల, మూడు చోట్ల కాగితాలు. అడవిలో చాలా దూరం ఫోను పలకదు. రోడ్డు మీద పడుకున్న పశువులు, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, వానాకాలంలో పొంగే వాగులు. మారేడుమిల్లి ఘాట్ తొలిసారి దిగినప్పుడు ఆయన చెప్పినది ఒక్కటే: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే అది వేడెక్కి అసలైనచోట పట్టదు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. మొదటిది వినగానే బండి ఏ ఒడ్డున ఉండాలో నిర్ణయించుకోవాలట. మా వారు 1986 వరదలో సారపాక వైపు చిక్కుపడిపోయిన సంగతి వాడు చిన్నప్పటినుంచీ విన్నాడు. 2022 జూలైలో నది 71 అడుగులు దాటి వంతెన మీద రాకపోకలు ఆపినప్పుడు తానే చూశాడు.

ఆ పెద్దమనిషి హిందువు. తెల్లవారుజామున రోడ్డు పక్కన నీళ్ళున్న చోటు చూసి తానే బండి ఆపి, “నమాజు చేసుకో, ఈలోగా టైర్లు చూస్తా” అంటారట. ప్రయాణంలో కుదించుకునే నమాజుల లెక్క ఇప్పుడు ఆయనకూ తెలుసునట!

నా భయం పోయిందని చెప్పను. మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చి 1961 నుంచి ఇన్నేళ్ళయినా, రోజుకు ఎనిమిది గంటలన్న మాట ఈ దారిలో పుస్తకంలోనే ఉంది. ట్రిప్పు లెక్కన కూలి ఇచ్చేచోట నిద్ర మానుకున్నవాడికే నాలుగు రూపాయలు ఎక్కువ. అందుకే జీతం ఎంతని కాక, ఎక్కడ పడుకుంటున్నావని అడుగుతాను. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారని వాడు చెబితే మా వారు ఇంజను వేడికి కాలిన తమ పాత ఎడమకాలి మచ్చ చూపి నవ్వారు.

పదకొండు నెలలు గడిచాయి. గత నెలలో దుంగల లోడుతో తొలిసారి ఒంటరిగా సారపాక వెళ్ళి, మిల్లు గేటు ముందు వరుసలో రాత్రంతా నిలబడి, కాటా వేయించుకొని వచ్చాడు. ఆ వారంలోనే మా వీధి చివరింటి కుర్రాడు వచ్చి, “భాయ్, నన్ను క్లీనరుగా తీసుకెళ్తావా?” అని అడిగాడు. మావాడు ఉస్తాద్‌ను అడిగాడు. ఆయన లెక్కలు వేసుకుంటున్నారు. తన బత్తాలో కొంత ఇస్తానని మావాడు అన్నాడట. ఇంకా జవాబు రాలేదు.