ఎండల దేశంలో ఎండ కొనుక్కున్నాం

“ఏందే, బల్లి మీద పడితేనే తలస్నానం చేయించేది మీ జేజి. నువ్వు ఊసరవెల్లిని ఇంట్లో పెట్టుకుని దానికి ఇల్లు కడుతున్నావా?”

వీడియో కాల్‌లో మా అమ్మ అన్న మాట ఇది. రాజంపేటలో కూర్చున్న ఆమెకు, అబ్బాసియాలో మా హాల్లో సోఫా ఉండాల్సిన చోట అయిదడుగుల అల్యూమినియం చట్రం కనిపిస్తోంది మరి. పక్కనుంచి మా వాడు “అవ్వా, వీడి పేరు రంగడు” అని పరిచయం చేస్తున్నాడు. అమ్మ ఫోను పెట్టేసింది.

రంగడు మాకు దొరికిన తీరు కువైట్‌లో ఉన్నవాళ్లకు వింతేమీ కాదు. ఎదురు ఫ్లాటులో ఉండే కేరళ కుటుంబం 2023 డిసెంబరులో వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్లిపోయింది. ఇక్కడ ఒకరు క్యాన్సిల్ చేసుకుంటే వాళ్ల సామాను పది ఇళ్లకు చేరుతుంది. ఒకరికి వాషింగ్ మెషిన్, ఒకరికి పరుపులు, ఇంకొకరికి కరివేపాకు కుండీ. మా వాటాకు ఊసరవెల్లి వచ్చింది. వాళ్లబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకుని, “ఆంటీ, మీరు జువాలజీ చదివారు కదా, మీరే చూసుకోండి” అన్నాడు. ఆ ఒక్క మాటకు పడిపోయాను. బి.జెడ్.సి. పూర్తి చేసి పదమూడేళ్లయింది. డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు. ఈ మధ్యకాలంలో నా డిగ్రీ సంగతి ఎవరూ గుర్తు చేసుకోలేదు, నేను కూడా.

రంగడు వచ్చింది రెండడుగుల చేపల తొట్టిలో. లోపల ఒక ప్లాస్టిక్ తీగ, పైన ఒక మామూలు బల్బు. ఆ అబ్బాయి తప్పు కాదు, అమ్మినవాళ్లు అలాగే ఇచ్చారట. కొమ్మ మీద నడుస్తుంటే ముందుకాళ్లు విల్లులా వంగుతున్నాయి. డాక్టరుకు చూపిస్తే ఎముకలు మెత్తబడటం మొదలైందన్నాడు. చిన్నపిల్లలకు వచ్చే రికెట్స్ లాంటిదే. ఒంటికి సూర్యకాంతిలోని యూవీబీ కిరణాలు తగలక విటమిన్ డి తయారు కావడం లేదు. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. “వెంటనే సరైన లైటు, సరైన గూడు ఏర్పాటు చేయండి. ఇప్పటికే వంగినవి పూర్తిగా తిన్నగా కాకపోవచ్చు, ఇక ముదరకుండా ఆపొచ్చు” అన్నాడు.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మనవాళ్లు సామెత చెబుతారు కానీ, రెండూ వేర్వేరు కుటుంబాలు. మన పొలాల్లో కనిపించే అసలు ఊసరవెల్లి ఇంకో జాతి. దాన్ని పట్టుకోవడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రంగడిది తల మీద టోపీలాంటి ఎత్తయిన కిరీటం ఉండే జాతి. వాళ్ల సొంత ఊరు యెమెన్, సౌదీ అరేబియా నైరుతి మూల. అరబ్బు దేశమంటే ఎడారే కదా అని నేనూ అనుకున్నాను. అటువైపు అసీర్ కొండలు సముద్ర మట్టానికి దాదాపు మూడు వేల మీటర్ల దాకా లేస్తాయి. అక్కడ వానలు కురుస్తాయి, పొద్దున్నే మంచు కమ్ముతుంది, చెట్లు చేమలు ఉంటాయి. అంటే రంగడు ఈ ద్వీపకల్పం బిడ్డే అయినా కువైట్ వాతావరణానికి మాలాగే పరాయివాడు. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి వేడిలో అతన్ని బాల్కనీలో పెట్టి ‘ఎండ తగులుతుందిలే’ అనుకోవడానికి లేదు.

కాబట్టి గూడు ఇంట్లోనే కట్టాలి. కాగితం మీద గీశాను: వెడల్పు మూడడుగులు, లోతు రెండు, ఎత్తు అయిదు. ఊసరవెల్లి చెట్టు మీద బతికే జీవి. దానికి ఎత్తుంటేనే ధైర్యం. మనం పైనుంచి వంగి చూస్తే గద్ద వచ్చిందనుకుంటుంది, అందుకే దాని కూర్చునే కొమ్మ మన కళ్లకంటే పైన ఉండాలి. చాలామంది నాలుగు వైపులా జాలీ పెడతారు. మా ఇంట్లో ఏసీ రాత్రింబవళ్లు తిరుగుతూ గాలిలోని తడినంతా లాగేస్తుంది. నాలుగు వైపులా జాలీ ఉంటే చిలకరించిన నీళ్లు పావుగంటలో ఆరిపోతాయి. అందుకని మూడు వైపులా తెల్లటి పీవీసీ ఫోమ్ బోర్డు, ముందు అద్దం తలుపులు, పైకప్పు మొత్తం జాలీ, తలుపుల కింద గాలి లోపలికి రావడానికి నాలుగంగుళాల జాలీ పట్టీ. కింది చల్లగాలి పైకి పోతూ ఉంటుంది, తడి నిలుస్తుంది, బూజు పట్టదు.

షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాకు ఆడవాళ్లం పెద్దగా వెళ్లం. మావారు కారు గ్యారేజీకి తీసుకెళ్లేటప్పుడు తప్ప నేనూ చూడలేదు. వరసగా ఇనుప సామాను, రంగులు, కరెంటు సామాను దుకాణాలు. అల్యూమినియం పని చేసే ఒక షాపులో నేను బొమ్మ చూపించి హిందీలో మొదలుపెడితే, కోత మిషన్ దగ్గరున్న మనిషి మాస్కు కిందికి లాగి, “ఏ ఊరక్కా మీది?” అన్నాడు. రాయచోటి అతనిది. పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

“కోళ్లకా అక్కా?”

“కాదు తమ్ముడూ, ఊసరవెల్లికి.”

నవ్వాడు. కొలతలు మళ్లీ చూసుకుని, నవ్వుతూనే, “మా రూములో ఆరుమందిమి ఉంటామక్కా. దీనికొక్కదానికే ఇంతిల్లా?” అన్నాడు.

ఎగతాళికి అనలేదు, ఊరికే లెక్క చెప్పాడు. నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. దాని కాళ్లు వంగిపోతున్నాయని మాత్రం చెప్పాను. “పాపం” అన్నాడు. శుక్రవారం సెలవు రోజున తనే వచ్చి బిగించి వెళ్లాడు. మా ఇంట్లో భోజనం చేస్తూ గోంగూర రెండుసార్లు వేయించుకున్నాడు. పోతూ పోతూ రంగడి నాలుక చాపు చూడాలని పావుగంట నిలబడ్డాడు. పురుగు మీదికి అది దూసుకెళ్లగానే, “మా చిన్నోడికి చూపిచ్చల్ల” అని ఫోనులో తీసుకున్నాడు. కొడుకుని చూసి మూడేళ్లయిందట.

మొక్కల కోసం అల్ రాయ్ వెళ్లాం. మనవాళ్లందరికీ అల్ రాయ్ అంటే అవెన్యూస్ మాలే. ఆ ప్రాంతంలోనే వరసగా నర్సరీలు ఉన్నాయి, ఫ్రైడే మార్కెట్ ఉంది. నర్సరీలో గొడుగాకుల షెఫ్లెరా ఒకటి, ఫైకస్ ఒకటి తీసుకున్నాను. మనీ ప్లాంట్ మా వంటింట్లోనే ఉంది. ఒక మూల ఎర్ర మందారం కనబడింది. ఈ జాతి ఊసరవెల్లులు మందారాకులు, పూలు కూడా తింటాయి. మా పుట్టింటి గోడ పక్కన పూజకు కోసుకునే మందారమే. రెండు దినార్లు పోసి ఇక్కడ కొన్నాను. మందు కొట్టి ఉంటారని ఆకులన్నీ కడిగి, మట్టి మార్చి, మూడు వారాలు బయటే ఉంచాకే గూట్లో పెట్టాను.

ఫ్రైడే మార్కెట్‌లో పావురాలు, చిలకలు, కుందేళ్లు, తాబేళ్లు దాటుకుంటూ పోతే పురుగుల డబ్బాలు అమ్మేవాళ్లు ఉంటారు. రంగడి ఆహారం కీచురాళ్లు. మొదటి రాత్రి ఆ డబ్బా వంటింట్లో పెట్టి పడుకున్నాం. నిద్రపట్టే వేళకు కీచు కీచుమని మొదలుపెట్టాయి. మావారు చీకట్లో, “మా ఊళ్లో ఆరుబయట పడుకున్నట్టుంది కదా” అన్నారు. తొమ్మిదేళ్లుగా ఏసీ చప్పుడు తప్ప వినని గది అది.

ఇక లైట్లు. అసలు పని ఇదే. ఇందులో మూడు రకాలు కావాలి, ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. మొదటిది యూవీబీ ట్యూబు. టీ5 రకం, మూడడుగుల గూటికి సరిపోయే 39 వాట్లది, ఆరు శాతం యూవీబీ ఉన్నది తీసుకున్నాను. రెండోది వెచ్చదనానికి హాలోజెన్ బల్బు. మూడోది మొక్కలు పెరగడానికి తెల్లటి ఎల్ఈడీ. మూడూ జాలీ పైన, గూటికి బయటే ఉండాలి. లోపల పెడితే పాక్కుంటూ వెళ్లి ఒళ్లు కాల్చుకుంటుంది. టైమరు పెట్టి పొద్దున ఆరున్నరకు వెలిగి సాయంత్రం ఆరున్నరకు ఆరిపోయేలా చేశాను. రాత్రి చీకటి పూర్తిగా ఉండాలి, ఎర్ర బల్బు, నీలం బల్బు ఏవీ వద్దు.

మొదటిరోజే తప్పు చేశాను. ఇంట్లో ఏసీ చల్లగా ఉంది కదా అని వంద వాట్ల హాలోజెన్ పెట్టాను. గంట తర్వాత చూస్తే రంగడు పాలిపోయి, నోరు తెరుచుకుని, గూటి అడుగున మట్టి మీద ఉన్నాడు. ఊసరవెల్లి చలేస్తే ముదురు రంగుకు మారి వేడిని పీల్చుకుంటుంది, వేడెక్కువైతే తెల్లబడి నోరు తెరుస్తుంది. పరిసరాల రంగులో కలిసిపోవడానికే రంగు మారుస్తుందనుకుంటాం గానీ, ముఖ్యంగా అది ఒంటి వేడికి, మనసులో మాటకు సంబంధించిన సంగతి. చర్మం లోపలి కణాల్లో ఉండే చిన్న చిన్న స్ఫటికాల మధ్య దూరం మారడం వల్ల రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు వేరే జాతి ఊసరవెల్లిలో చూపించారు. ఇవన్నీ చదివిన నేనే, కొమ్మ దగ్గర థర్మామీటరు పెట్టకుండా స్విచ్ వేశాను. తర్వాత కొలిస్తే అక్కడ 41 డిగ్రీలు. ఉండాల్సింది 30 లోపు. బల్బు 50 వాట్లకు తగ్గించి, జాలీకి ఇంకాస్త ఎత్తులో కట్టాను. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

యూవీబీ కంటికి కనబడదు కాబట్టి దాన్ని మీటరుతోనే కొలవాలి. దాని ఖరీదు మొత్తం గూటికి పెట్టినదానికి దగ్గరలో ఉంది. పురుగులు కొనే దగ్గర పరిచయమైన ఒక కువైటీ కుర్రాడు, బల్లులూ పాములూ పెంచుతాడు, ఏప్రిల్‌లో ఒకరోజు తన మీటరు అరువిచ్చాడు. జాలీ దాటి కొమ్మ దగ్గరకు వచ్చేసరికి యూవీ సూచీ 3 చూపించింది. అంతే కావాలి. సంతోషం పట్టలేక ఆ మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. బాల్కనీలో మధ్యాహ్నం ఎండకు పెడితే 8 దాటింది. లోపలికి వచ్చి బాల్కనీ అద్దం మూసి, అదే ఎండ పడుతున్న కుర్చీ మీద పెట్టాను. సున్నా.

కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీబీని ఆపేస్తుంది. డిగ్రీ చదివినదాన్ని, ఈ సంగతి నాకు తెలుసు. కానీ ఆ కుర్చీ నాది. రోజూ పొద్దున కాఫీ తాగుతూ, ఎండలో కూర్చున్నానని అనుకునే కుర్చీ. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి అని అంతకు ముందు ఏడాది రక్తపరీక్ష చేయిస్తే నా విటమిన్ డి 9 ఉంది. కనీసం 20 ఉండాలన్నారు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, “గల్ఫ్‌లో ఆడవాళ్లకు ఇది మామూలే, ఎండ ఉన్న చోట ఎండలోకి ఎవరూ రారు” అన్నారు. ఫ్లాటు నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి కారు, కారు నుంచి మాల్. నేనూ తొమ్మిదేళ్లుగా చేపల తొట్టిలోనే ఉన్నాను. రంగడి కాళ్లు చూసి పరుగులు పెట్టినదాన్ని, నా మోకాళ్ల కోసం మాత్రలు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఆ రోజు నుంచి వేసుకుంటున్నాను. చలికాలం నాలుగు నెలలూ పదిన్నరకు పార్కుకు నడుస్తున్నాను. ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లు తోడయ్యారు.

2024 జూన్‌లో ఇక్కడ వేడికి కరెంటు వాడకం పెరిగిపోయి, కొన్ని ప్రాంతాల్లో గంట, రెండు గంటలు కోతలు పెట్టారు. మనకు ఊళ్లో కోతలు కొత్త కాదు, కువైట్‌లో మాత్రం కొత్త. మా బిల్డింగులో మధ్యాహ్నం ఒంటిగంటకు పోయింది. బయట 50. అరగంటలో హాలు 33, ఇంకాసేపటికి 36. రంగడు తెల్లబడటం మొదలుపెట్టాడు. ఎండాకాలంలో ఇక్కడ కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకు నుంచి కాగిన నీళ్లే వస్తాయి. అందుకే మేము గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటాం. ఆ నీళ్లు సన్నగా చిలకరించాను. ఫ్రీజరులోని ఐసు సీసాలకు తువ్వాలు చుట్టి జాలీ మీద పెట్టాను. చల్లగాలి కిందికే కదా దిగుతుంది. మా వాడు అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. గంటా పది నిమిషాలకు కరెంటు వచ్చింది. సాయంత్రానికి రంగడు మళ్లీ ఆకుపచ్చగా పైకొమ్మ ఎక్కాడు. ఆ సాయంత్రమే రాయచోటి తమ్ముడు గుర్తొచ్చి ఫోన్ చేశాను. వాళ్ల రూములోనూ పోయిందట. “తడి లుంగీలు కప్పుకోని పడుకున్యామక్కా” అన్నాడు. రంగడెట్లున్నాడని కూడా అడిగాడు.

ఇప్పుడు వాడి కాళ్లు కాస్త వంకరగానే ఉన్నాయి గానీ గట్టిపడ్డాయి. మందారం గూటి కప్పు దాకా పెరిగింది. మీలో ఎవరైనా పిల్లలు అడిగారని ఇలాంటి జీవిని కొనాలనుకుంటే నేను చెప్పేది ఒక్కటే: ముందు గూడు కట్టండి, లైట్లు వేసి వారం రోజులు కొలవండి, ఆ తర్వాతే జీవిని తెచ్చుకోండి. సరిగ్గా చూసుకుంటే మగవి అయిదారేళ్లో అంతకంటే ఎక్కువో బతుకుతాయి. మీ వీసా అంతకాలం ఉంటుందా అని కూడా ఆలోచించండి.

ఆ ఆలోచన నేను ముందు చేయలేదు. మావారి కాంట్రాక్టు వచ్చే మార్చి వరకే. ఊసరవెల్లులు సైటిస్ ఒప్పందంలోని జీవులు, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. రాజంపేటకు తీసుకెళ్లడం మా చేతిలో పని కాదు. మీటరు ఇచ్చిన కువైటీ కుర్రాడు, “అవసరమైతే గూడుతో సహా నేను తీసుకుంటాను” అన్నాడు. మా వాడితో ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మొన్న అమ్మ ఫోన్ చేసి, మామూలు మాటలన్నీ అయ్యాక, “ఆ రంగడు తిన్న్యాడా?” అని అడిగింది.