పాత మోటారు సైకిలు, ఉస్తాద్, నేను చెప్పని మాట

ఇంతవరకు ఈ వ్యాసాలలో రక్తపుపోటు, మధుమేహం, ఉబ్బసం వంటి వ్యాధుల గురించే ముచ్చటించుకొన్నాము. ఈసారి నాకున్న ఒక వ్యసనాన్ని గురించి వ్రాస్తున్నాను. పొగ, మద్యం జోలికి నేను ఎన్నడూ పోలేదు. నా వ్యసనం పాత బ్రిటిష్ మోటారు సైకిలు. అది నాకు నేర్పిన ఆరోగ్యపాఠాలు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి నేను చాలా ఆలస్యంగా నేర్చుకొన్నాను. దానికోసమే ఈ వ్యాసం.

నేను పుట్టి పెరిగింది సికిందరాబాదు రెజిమెంటల్ బజారులో. మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. 1806లో నిజాం సికందర్ జా పేరిట ఈ ఊరు ఏర్పడిననాటి నుంచి ఇది సైనికుల ఊరే. పటాలాలకు సరకులు అమ్మిన బజారు కాబట్టి మా పేటకు ఆ పేరు వచ్చింది. నా చిన్నతనంలో సైన్యం వాడి వదిలేసిన వస్తువులు వీధులలో ఎక్కడ చూసినా కనిపించేవి. నీళ్ల డబ్బాలు, బూట్లు, గుడారపు గుడ్డలు, వాటితోపాటు మోటారు సైకిళ్లు.

1979లో, ప్రభుత్వ వైద్యునిగా చేరిన మూడేళ్లకు, అటువంటి బండి ఒకటి కొన్నాను. అది బి.ఎస్.ఎ. ఎం-20. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకుల తయారీదారులు కలిసి స్థాపించిన సంస్థ. మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ దాని గుర్తు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఈ ఎం-20 బండ్లను లక్షకు పైగా వాడింది. 500 సి.సి. ఇంజను, ఒకటే సిలిండరు, వెనుక చక్రానికి స్ప్రింగులు లేవు. గుంత వస్తే ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకే. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇప్పటి బండ్లకు అలవాటు పడినవారు దీనిని ఎక్కితే గేరు అనుకొని బ్రేకు తొక్కుతారు.

దీనికి తాళంచెవి లేదు. స్టార్టు చేయడం ఒక పూజావిధానం. పెట్రోలు గొట్టం తెరవాలి. కార్బురేటరు మీది బుడిపెను నొక్కి పెట్రోలు కాస్త పొంగించాలి. హ్యాండిలు మీది మీటను తిప్పి నిప్పురవ్వ ఆలస్యంగా పడేటట్లు చేయాలి. మరొక మీటతో లోపలి ఒత్తిడి వదిలి, అప్పుడు కిక్ కొట్టాలి. ఆ మొదటి మీట సంగతి మరచిపోతే కిక్ రాడ్ ఎదురుతన్నుతుంది. ఆ దెబ్బకు నా చీలమండ రెండుసార్లు వాచింది.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన నన్ను డాక్టర్ సాబ్ అనేవాడు. ఈ బ్రిటిష్ బండ్ల నట్లకు మామూలు పానాలు పట్టవు, విట్‌వర్త్ కొలత పానాలు కావాలి. ఆ పానాలు ఆయన వద్ద నూనెగుడ్డలో చుట్టి ఉండేవి. దొరకని భాగాన్ని రాణిగంజ్‌లో లేతు మీద చేయించి తెచ్చేవాడు. సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఇరానీ చాయ్ తెప్పించుకొని, ఆయన ముందు ముక్కాలిపీట మీద కూర్చోవడం నాకు అలవాటయింది.

ఆ రోజులలో నాకు బండిని మార్చాలనే కోరిక కూడా ఉండేది. 1950, 60 దశకాలలో లండను కుర్రవాళ్లు ఏస్ కెఫే అనే ఫలహారశాల వద్ద చేరి, నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజను బిగించి, హ్యాండిలును కిందికి దించి పరుగులు తీసేవారు. ఆ జంట బండికి ట్రైటన్ అని పేరు. ఒక పత్రికలో దాని బొమ్మ చూసి నేనూ పొట్టి హ్యాండిలు పెట్టించుకొన్నాను. ఆరు నెలలలో ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలయింది. శరీరభారమంతా అరచేతుల మీద పడి, మణికట్టు వద్ద అల్నార్ నాడి నొక్కుకుపోయింది. వైద్యుణ్ణయి ఉండీ నాకు ఆ సంగతి ఆలస్యంగా తట్టింది. పాత ఎత్తు హ్యాండిలు తిరిగి పెట్టించాక రెండు నెలలకు తగ్గింది.

ఇక అసలు విషయానికి వస్తాను. 1985లో ఒక రాత్రి నేను క్యాజువాలిటీ విధులలో ఉండగా ఇరవై ఏళ్ల యువకుణ్ణి తెచ్చారు. స్కూటరు మీంచి పడ్డాడు. ఒంటిమీద చిన్న గాయమైనా లేదు, తలకే దెబ్బ. తెల్లవారకముందే చనిపోయాడు. మరునాడు ఆదివారం. ఉస్తాద్ వద్ద కూర్చొని ఆ అబ్బాయి తల్లి ఏడ్చిన తీరు చెప్పాను. హెల్మెట్టు ఉంటే బ్రతికేవాడేమో అన్నాను. ఆయన పని ఆపి నావంక చూసి, “మరి మీ టోపీ ఏది సాబ్?” అన్నాడు. నేను నవ్వేసి లేచాను. ఆయన నా బండి ప్లగ్గు విప్పి చొక్కా జేబులో వేసికొన్నాడు. “టోపీ తెచ్చుకోండి, ప్లగ్గు ఇస్తా. తేకుంటే బండి ఈడనే ఉంటది” అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లి హెల్మెట్టు కొన్నాను.

1994లో పరేడ్ మైదానాల వద్ద కుక్క అడ్డం వచ్చి పడిపోయాను. జత్రు ఎముక విరిగింది, హెల్మెట్టు పగిలింది, తలకు ఏమీ కాలేదు. ఈ వ్యాసం వ్రాస్తున్న తల ఆ పగిలిన హెల్మెట్టులో ఉన్నదే.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1935 మేలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి తన బ్రఫ్ సుపీరియర్ బండి మీంచి పడ్డాడు. ఆరు రోజులకు మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. కెయిర్న్స్ ఆ మరణాన్ని మరచిపోలేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మోటారు సైకిలు ప్రమాదాలపై వ్యాసం ప్రకటించాడు. హెల్మెట్టు ధరించి ప్రమాదానికి గురైనవారు ఆయనకు కనిపించింది ఏడుగురే, ఆ ఏడుగురూ బ్రతికారు. ఆ సంవత్సరమే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్టు తప్పనిసరి చేసింది. ఆ తరువాత అనేక పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో హెల్మెట్టు మరణాలను సుమారు 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని తేలింది. మన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెప్పేదీ ఇదే. నాకు మాత్రం ఆ చట్టాన్ని అమలు చేసినవాడు ఉస్తాద్.

ఇక నేను చేసిన తప్పు. ఉస్తాద్ బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడల్లా దానిని నేలకు తట్టి, లోపలి బూడిదరంగు ధూళిని నోటితో ఊదేవాడు. అది నా చాయ్ గ్లాసు మీద కూడా పడేది. ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని నూలుపోగులు కంటికి కనిపించనంత సన్నగా ఉండి ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. శరీరం వాటిని కరిగించలేదు. ఇరవై, ముప్పై ఏళ్లు గడిచాక ఊపిరితిత్తులు గట్టిపడటమో, కాన్సరో బయటపడవచ్చు. పొగత్రాగేవారికి ఊపిరితిత్తుల కాన్సరు ప్రమాదం మరెన్నో రెట్లు. ఉస్తాద్ బీడీలు త్రాగేవాడు. ఇదంతా నేను వైద్యకళాశాలలో చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొన్న విషయమే. అయినా దాదాపు ముప్పై ఏళ్లు ఆ పీట మీద కూర్చొని ఒక్కసారి కూడా “ఉస్తాద్, అలా ఊదవద్దు” అనలేదు. ఆసుపత్రిలో ఉంటే వైద్యుణ్ణి, షెడ్డులో ఉంటే బండి పిచ్చివాణ్ణి. ఆ రెండింటికీ మధ్య గోడ కట్టుకొన్నాను.

2008లో నేను పదవీ విరమణ చేసిన కొద్ది నెలలకు ఆయన నా చేతికి ఒక ప్లగ్గు అందించాడు. అప్పుడు ఆయన వేళ్లు చూశాను. వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయి. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. అక్కడే ఆయనను కూర్చోబెట్టి వీపు మీద చెవి పెట్టి విన్నాను. ఊపిరి పీల్చిన ప్రతిసారీ అడుగుభాగాలలో చిటపటమనే చప్పుడు. మెట్లు ఎక్కితే ఆయాసం, పొడిదగ్గు ఏడాదిగా ఉన్నాయట. “వయసు కదా సాబ్” అన్నాడు. స్కానింగులో ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడినట్లు తెలిసింది. 2011లో ఆయన వెళ్లిపోయాడు. బీడీయా, ధూళియా, రోడ్డు పొగయా, ఏది ఎంత కారణమో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఆ మాట నన్ను ఓదార్చడానికి పనికిరాదు. ఆయన నా ప్లగ్గు విప్పి జేబులో పెట్టుకొన్నాడు. నేను ఆయన చేతిలోని డ్రమ్మును ఒక్కసారైనా లాక్కోలేదు.

ఇప్పుడు ఆ షెడ్డును ఆయన కుమారుడు నడుపుతున్నాడు. నన్ను అంకుల్ అంటాడు. పాత బుల్లెట్లను తెచ్చి సైలెన్సరు తీసేయమనే కుర్రవాళ్లు వస్తూనే ఉంటారు. ఆ మోత చెవిలోని సున్నితమైన కణాలను చంపుతుందని, అవి తిరిగి పుట్టవని, తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చడాన్ని చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని చెబుతాను. కొందరు వింటారు. అబ్బాయికి, పనివాళ్లకు మాత్రం ఈ క్రింది మాటలు పదేపదే చెప్పి అలవాటు చేయించాను. మీరు గాని, మీ బండిని బాగుచేసేవారు గాని వీటిని పాటించాలని నా మనవి.

బ్రేకు ధూళిని నోటితోగాని, గాలి గొట్టంతోగాని ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. లైనింగులు మార్చేటప్పుడు ఆస్బెస్టాస్ లేనివి అడిగి వేయించుకోవాలి.

పెట్రోలుతో చేతులు కడుగరాదు. చర్మం పగులుతుంది. అందులోని బెంజీన్ ఎముక మూలుగకు మంచిది కాదు. సబ్బు, నీరు చాలు.

గొట్టంతో పెట్రోలును నోటితో పీల్చరాదు. పొరపాటున మింగితే వాంతి చేయించరాదు. వాంతిలో అది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా తెస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవాలి.

షట్టరు మూసి ఇంజను నడుపరాదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చేసరికే ఆలస్యమవుతుంది.

గోళ్లను పరీక్షించుకొనే పద్ధతి ఒకటి చెబుతాను. రెండు చేతుల చూపుడువేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించి వెలుతురుకు పట్టండి. గోళ్ల మొదళ్ల మధ్య వజ్రాకారంలో చిన్న సందు కనిపించాలి. లియో షామ్రోత్ అనే దక్షిణాఫ్రికా హృద్రోగ వైద్యుడు తన జబ్బులో తన వేళ్లనే చూసికొని 1976లో దీనిని ప్రకటించాడు. ఆ సందు మూసుకొనిపోతే భయపడకండి, కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుంది. కాని ఒకసారి వైద్యునికి చూపించుకోండి.

నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్లు. శుక్లాల శస్త్రచికిత్స అయింది. మోకాళ్లు కిక్ కొట్టనివ్వవు, అబ్బాయి కొట్టి ఇస్తాడు. ఆదివారం తెల్లవారుజామున, వీధులు ఖాళీగా ఉన్నప్పుడు క్లాక్ టవరు వరకు వెళ్లి వస్తాను. తల తిరిగే మందు ఏదైనా వేసికొన్ననాడు బండి ముట్టుకోను. వచ్చే ఏడాది ఇదీ మానవలసి రావచ్చు. మానవలసిన రోజును గుర్తించే బాధ్యత నేను అబ్బాయికే అప్పగించాను. ఆ రోజు ప్లగ్గు విప్పి జేబులో వేసికొమ్మని చెప్పాను. తండ్రి కథ వాడికి తెలుసు, తల ఊపాడు.

మీ ఇంట్లో, వీధిలో మీ కోసం పనిచేసేవారు ఎవరైనా ఉంటే, వారు రోజూ పీల్చేదేమిటో ఒకసారి గమనించండి. మీకు తెలిసిన మంచిమాట ఏదైనా ఉంటే ఆ రోజే చెప్పండి.