తప్పంతా అమ్మదేనా?

2024 దసరా సెలవులకి ఇంటికొచ్చిన మా చిన్నాడు మూడు రోజులు నోరు విప్పలేదు. ఇంటర్ రెండో ఏడు, హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. పెట్టింది తినడం, గోడవైపు తిరిగి పడుకోవడం. వాడికిష్టమని సున్నుండలు చేస్తే డబ్బా మూత కూడా తియ్యలేదు.

అంతకు ముందే కాలేజీవాళ్ళు మమ్మల్ని పిలిపించారు. అక్కడి కౌన్సెలర్ పావుగంట మాట్లాడి, "మీవాడు మీ కొంగు వదల్లేకపోతున్నాడమ్మా. చిన్నప్పుడు మీరు చేసిన అతి గారాబమే దీనికి మూలం" అని తేల్చేశాడు. బస్సులో మావారు ఒక్క మాటా అనలేదు. అననందుకే నాకు ఏడుపు ఆగలేదు. పిల్లాణ్ణి ప్రేమగా పెంచడం కూడా నేరమేనా?

పండక్కి మా ఆడపడుచు వచ్చింది. ఏలూరులో ఇంగ్లీషు లెక్చరరు. వంటింట్లో గోంగూర ఒలుస్తూ అంతా చెప్పుకున్నాను. "ఈ మాట ఆ కౌన్సెలర్ సొంతం కాదు వదినా, వందేళ్ళ నాటిది" అంది నవ్వుతూ.

ఫ్రాయిడ్ అని వియన్నాలో ఒక డాక్టరు ఉండేవాడట (1856-1939). రోగిని పడుకోబెట్టి, తోచింది తోచినట్టు చెప్పమనేవాడు. చిన్నతనంలో లోపల అణిగిపోయిన కోరికలూ, భయాలూ పెద్దయ్యాక కూడా మనల్ని ఆడిస్తాయనీ, వాటిని మాటల్లో బయటపెడితే మనసు తేలికపడుతుందనీ ఆయన నమ్మకం. మగపిల్లాడు అమ్మ పూర్తిగా తనకే కావాలనుకుని నాన్నని పోటీగా చూస్తాడన్నాడు. తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడిన గ్రీకు రాజు ఈడిపస్ పేరే దానికి పెట్టాడు.

అది చెబుతుంటే ఇంటర్ రోజుల్లో చదివిన నవలలు గుర్తొచ్చాయి. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లి గురించి ఊరు చెప్పుకునే మాటలు బతుకంతా వెంటాడతాయి. మన గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన గోపీచంద్‌గారి 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుని తండ్రి అప్పగించిన వంశ ప్రతిష్ఠ ముంచేస్తుంది. రెండూ 1940లలో రాసినవే. ఒకరికి అమ్మ, ఇంకొకరికి నాన్న!

"అయితే ఆయన చెప్పింది నిజమేగా?" అన్నాను దిగులుగా.

"ఆగు వదినా, దీనికి ఎదురు తిరిగినవాళ్ళూ ఉన్నారు" అంది.

పారిస్‌లో లకాన్ అనే డాక్టరు ఫ్రాయిడ్ మీద ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిస్తే జనం విరగబడి వినేవారట. ఆ ఊళ్ళోనే, 1949లో సిమోన్ ద బోవా అనే ఆవిడ 'సెకండ్ సెక్స్' పుస్తకంలో ఫ్రాయిడ్‌ని నిలదీసింది. మగపిల్లాణ్ణి కొలతగా పెట్టుకుని ఆడపిల్లని కొలిస్తే ఎలా, అంది. 1972లో దెల్యూజ్, గటారి అనే ఇద్దరు కలిసి 'యాంటీ ఈడిపస్' రాశారు. గటారి లకాన్ దగ్గర నేర్చుకుని, మానసిక చికిత్సాలయంలో పనిచేసినవాడే! వాళ్ళ వాదన ఇది: రోగి యుద్ధం గురించి చెప్పినా, డబ్బు గురించి చెప్పినా, పని గురించి చెప్పినా, ఈ డాక్టర్లు అన్నిటినీ తిప్పి తిప్పి అమ్మా నాన్నల దగ్గరికే తెస్తారు. మనిషి బయట ఉన్న లోకం ఏమైపోయినట్టు?

ఆ పుస్తకంలో వాళ్ళు ఎత్తిచూపిన ఒక సంగతి చెప్పింది. మెలనీ క్లైన్ అనే డాక్టరమ్మ దగ్గరికి నాలుగేళ్ళ పిల్లాడు వచ్చాడు. ఆవిడ బొమ్మ రైళ్ళు చూపించి, పెద్ద రైలు నాన్న, చిన్న రైలు నువ్వు, స్టేషన్ అమ్మ అందట. నాకు నవ్వాగలేదు. మన విజయవాడ జంక్షన్‌లో రోజూ దిగే జనానికి ఇంకెంతమంది అమ్మలు కావాలో!

నవ్వానే గాని ఆ మాట మనసులో నాటుకుంది. ఆ సెప్టెంబరులోనే బుడమేరు పొంగింది కదా. నందివాడ వైపు మేం కౌలుకి చేస్తున్న నాలుగెకరాల వరి నీళ్ళ పాలయింది. పిల్లాడి ఫీజు వడ్డీకి తెచ్చి కట్టాం. ఆ కౌన్సెలర్ నా గారాబం గురించి అడిగాడు గాని, పొలం గురించి అడిగాడా? పోనీ, నేను మాత్రం వాణ్ణి అడిగానా?

ఆ రాత్రి డాబా మీద వాడి పక్కన చాప వేసుకుని పడుకున్నాను. మార్కుల ఊసెత్తలేదు. చాలాసేపటికి వాడే అన్నాడు. "అమ్మా, నన్ను కింద సెక్షన్‌లోకి మార్చేశారు. పొలం మునిగిపోయి నాన్న అప్పు చేసి కట్టాడు. ఆయనకి ఈ మాట ఎలా చెప్పను?"

గుండె చెరువయింది. వాడు మోస్తున్నది నా కొంగు కాదు, మా అప్పు!

అలాగని నా తప్పు అసలే లేదనను. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నావా" కంటే ముందు "ఎన్ని మార్కులొచ్చాయి" అని అడిగింది నేనే. పొద్దున్నే మావారికి చెప్పాను. ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి, "పంట పోతే మళ్ళీ నాటుకుంటాంరా" అన్నారు. సెలవులయ్యాక హాస్టల్ మాన్పించి ఇంటినుంచే పంపాం. ర్యాంకు రాలేదు గాని, పాసయ్యాడు. డిగ్రీలో చేరాడు. సున్నుండల డబ్బా ఇప్పుడు రెండు రోజులు కూడా ఆగడం లేదు.

ఫ్రాయిడ్‌ని నేను తీసిపారెయ్యను. అడ్డుపడకుండా వింటే మనసు విప్పుతారన్నది ఆ రాత్రి డాబా మీద కళ్ళారా చూశాను. కాని విన్నాక, తప్పంతా తెచ్చి అమ్మ గుమ్మంలో పడెయ్యకూడదు. ఇంట్లో అప్పు, పొలంలో నీళ్ళు, కాలేజీలో సెక్షన్లు, ఇవన్నీ కూడా పిల్లల మనసుల్లో కూర్చునేవే.

మీలో ఎవరినైనా ఎవరైనా "నీ పెంపకమే" అంటే, ఏడుస్తూ కూర్చోకండి. ముందు పిల్లాడి పక్కన చాప వేసుకోండి. ఏమంటారు?