లెవెన్‌వర్త్ వెళ్తే ఏం తినాలి?

మన ఎర్రగడ్డలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలే. సియాటిల్ వెళ్లినవాళ్లను పిల్లలు తప్పకుండా తీసుకెళ్లే ఊరొకటుంది, లెవెన్‌వర్త్. కారులో రెండు, రెండున్నర గంటల దారి. కొండల నడుమ, రెండున్నర వేల జనం కూడా లేని ఊరు. మెక్‌డొనాల్డ్స్‌తో సహా అన్నీ జర్మనీలోని బవేరియా ఇళ్లలాగే ఉంటాయి. చాలామంది అక్కడ ఫొటోలు దిగి, ఏ పిజ్జానో తిని వచ్చేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒకప్పుడు రైలూ, కలప మిల్లూ ఆ ఊరికి ఆధారం. 1920లలో రైలు దారి మళ్లింది, మిల్లూ మూతపడింది, ఊరు చిక్కిపోయింది. 1960లలో ఊరివాళ్లు, కాలిఫోర్నియాలో డెన్మార్క్ తీరుగా ఉన్న సోల్వాంగ్‌ను చూసి, తమ దుకాణాలకు బవేరియా రూపం తెచ్చారు. ఫిల్మ్‌నగర్ ఉన్న ఊళ్లో ఉండేవాళ్లం, సెట్ అంటే మనకు తెలియనిదా! షూటింగ్ అయిపోతే పీకేస్తారు. వీళ్లు ఆ సెట్‌లోనే కాపురం పెట్టి ఊరిని నిలబెట్టుకున్నారు. వాళ్లంటే నాకెంతో గౌరవం.

అయితే చెక్క బాల్కనీ, పూలకుండీలు ఉన్నంత మాత్రాన లోపల జర్మన్ వంట ఉంటుందని కాదు. గుమ్మం దగ్గరే మెనూ చదవండి. ష్పెట్స్‌లె అని గుడ్డూ మైదా కలిపి చేసే చిన్న నూడుల్స్ ఉంటాయి, అవి అక్కడే చేస్తారా అని అడగండి. బంగాళాదుంప సలాడ్ మయొనైజ్‌తో కాకుండా వెనిగర్‌తో, గోరువెచ్చగా ఇస్తే దక్షిణ జర్మనీ పద్ధతి తెలిసిన వంటవాడున్నట్టే. తీరిగ్గా కూర్చోవాలంటే మెట్లు దిగి వెళ్లే ఆండ్రియాస్ కెల్లర్ ఉంది. ఆరుబయట నిప్పుల మీద కాల్చిన సాసేజ్ కావాలంటే మ్యూన్షెన్ హౌస్. సాసేజ్‌తో ఇచ్చే ఆవముద్ద, ఉప్పేసి వారాల తరబడి ఊరబెట్టిన క్యాబేజీ సావర్‌క్రాట్ మన నాలుకకు ఇట్టే నచ్చుతాయి.

ఒక్క జాగ్రత్త. అక్కడ సాసేజ్ అయినా, పలుచటి మాంసం ముక్కకు రొట్టెపొడి అద్ది వేయించే ష్నిట్జెల్ అయినా ఎక్కువగా పందిమాంసమే, కాబట్టి ఏ మాంసమో అడిగాకే ఆర్డరు చెప్పండి. కోడితో చేసే ష్నిట్జెల్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది. శాకాహారులు ఎర్ర క్యాబేజీ కూర విషయంలోనూ అడగాలి, అందులో పందికొవ్వు వేసే అలవాటుంది. దుంప అట్లు, ముదురు గోధుమరంగులో మెరిసే ప్రెట్జెల్ రొట్టె వాళ్లకు చాలావరకు నిశ్చింత. అట్లలో మాత్రం గుడ్డుంటుంది.

పిల్లలు అట్లాంటాలో ఉంటే హెలెన్ ఉంది, 1969లో ఇలాగే వేషం మార్చుకున్న ఊరు. మిషిగన్‌లో ఫ్రాంకెన్‌మత్, టెక్సస్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ అలా కాదు. 1845, 1846లలో జర్మన్లే వలసవచ్చి కట్టుకున్న ఊళ్లవి. అయినా ఫ్రాంకెన్‌మత్‌కు పేరు తెచ్చింది వేయించిన కోడి భోజనం! జర్మన్ రుచే కావాలంటే అక్కడా మెనూ చదవాల్సిందే.

డిసెంబరులో క్రిస్మస్ దీపాలు పెట్టినప్పుడు, శనాదివారాల్లో లెవెన్‌వర్త్‌లో బల్ల దొరకడం కష్టం. పిల్లల్ని మంగళవారమో బుధవారమో సెలవు పెట్టమనండి, పదకొండున్నరకల్లా వెళ్లి కూర్చోండి.