కొండ కింది కాపురం

తిరుపతి వెళ్లొచ్చామని లడ్డూలు పంచేవాళ్లలో చాలామంది తిరుపతి చూసి ఉండరు. నవ్వకండి. రైలు దిగడం, కొండ బస్సెక్కడం, గుండు, దర్శనం, మళ్లీ రైలు. వాళ్లు చూసింది తిరుమల. కింది ఊరు వాళ్ల లెక్కలో బస్సు మారే చోటు.

నాకైతే కింది తిరుపతంటేనే మక్కువ. ఎందుకంటారా? స్వామి పైన ఒక్కడే ఉంటాడు. బంధుబలగమంతా కిందే కదండీ!

పెద్దాయన దగ్గర మొదలుపెడదాం. రైల్వే స్టేషన్ దగ్గర్లోనే ఏడంతస్తుల గోపురం కనిపిస్తుంది, మట్ల అనంతరాజు కట్టించింది. అదే గోవిందరాజస్వామి గుడి. 12వ శతాబ్దంలో రామానుజులవారు ప్రతిష్ఠించారని చెబుతారు. ఆ గుడి చుట్టూనే ఊరు పెరిగింది. ఈయన శ్రీనివాసుడికి అన్నగారట. పడుకుని ఉంటాడు, తల కింద కుంచం. తమ్ముడు పెళ్లికోసం కుబేరుడి దగ్గర అప్పు చేశాడు కదా, ఆ అప్పు తీర్చే డబ్బు కొలిచే పని అన్నగారి మీద పడింది. కొలిచీ కొలిచీ ఒళ్లు హూనమై, ఆ కుంచాన్నే తలగడ చేసుకుని పడుకున్నాడని కథ. పైన హుండీ ఎంత నిండినా అప్పు తీరింది లేదు, ఈయన లేచిందీ లేదు. లోపలే పార్థసారథి, ఆండాళ్ సన్నిధులున్నాయి, చూడకుండా వచ్చేయకండి.

ఇక ఇల్లాలు. పద్మావతమ్మ తిరుచానూరులో ఉంటుంది, ఊరికి ఓ ఐదు కిలోమీటర్లు. మొగుడు కొండ మీద, పెళ్లాం కింద ఎందుకున్నారని అడిగితే జనం ఒక కథ చెబుతారు: కొండెక్కుతూ కరివేపాకు మరిచిపోయారట, తేవడానికి వెనక్కి వచ్చిన అమ్మవారు ఇక్కడే ఉండిపోయిందట. ఇంత పెద్ద ఎడబాటుకు కరివేపాకా కారణం అని నేనూ అనుకున్నాను. కానీ సంసారాల్లో పెద్ద తగాదాలు దేనిమీద వస్తాయో మీకు తెలియనిదా? రాత్రుళ్లు స్వామే దిగివచ్చి ఆవిణ్ణి చూసి వెళతాడనీ, ఆ నడకకు చెప్పులు అరిగిపోతాయనీ కూడా అంటారు. అలిపిరి పాదాల మండపంలో జనం ఇత్తడి పాదుకలు నెత్తిన పెట్టుకుని తిరిగేటప్పుడు ఈ కథే గుర్తొస్తుంది నాకు. కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆఖరి రోజు పంచమీతీర్థానికి పసుపు, కుంకుమ, చీరలతో కొండ మీంచి సారె వస్తుంది, ఏనుగు మీద, మేళతాళాలతో. మొగుడు పంపిన సారె!

ఇంటివాళ్లే కాదు, శివుడూ కిందే ఉన్నాడు, కపిలతీర్థంలో. వానలు పడ్డాక వెళ్లండి, కొండ మీంచి నీళ్లు నేరుగా కోనేట్లోకి దూకుతుంటాయి. ఎండాకాలం వెళ్లి ఏముందిక్కడ అనకండి.

చివరికి స్వామి చెల్లెలు, తాతయ్యగుంట గంగమ్మ. ఆవిడ సంగతి వేరు. మే నెలలో జాతర. పూర్వం ఒక పాలెగాడు ఊళ్లో ఆడపిల్లల్ని చెరిచేవాడట. గంగమ్మ వాడి పనిపట్టబోతే దాక్కున్నాడు. ఆవిడ రోజుకో వేషం కట్టి వెతికింది: బైరాగి, బండ, తోటి. దొర వేషంలో వచ్చేసరికి, ఎవరో గొప్పవాడు వచ్చాడనుకుని బయటికొచ్చాడు. అంతే, తల తెగింది. జాతరలో ఊరి మగవాళ్లు ఆ వేషాలే కడతారు. చీరలు కట్టి, జడలు వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకునే మగవాళ్లూ కనిపిస్తారు. బండ వేషం రోజు బూతులు తిట్టినా ఎవరూ తప్పుపట్టరు. మీసాలాయన కుచ్చిళ్లు సర్దుకుంటూ మీ పక్కనుంచి పోతే వింతగా చూడకండి.

అన్నిట్లోకీ నాకు నచ్చింది మాతంగి వేషం. పాలెగాణ్ణి చంపాక గంగమ్మ ఆ వేషంలో వెళ్లి, వాడి పెళ్లాన్ని ఓదార్చిందట.