మూడు తీగలు

కొత్తగా వచ్చే యంత్రానికి పాతదానికి ఉన్నన్ని సాకెట్లు ఉండవు. ఒకప్పటి కంప్యూటరు వెనక్కి వంగి చూస్తే మానిటరుకొకటి, కీబోర్డుకొకటి, ప్రింటరుకొకటి కనిపించేవి. ఈనాటి ట్యాబ్‌కు సాధారణంగా ఉండేది ఒక్కటే. ఛార్జింగుకూ అదే, సమాచారానికీ అదే. చేత్తో పట్టుకుంటే చిన్నప్పటి పలకంత ఉంటుంది, పని మాత్రం ఒకనాడు బల్లంతా ఆక్రమించిన కంప్యూటరు కన్నా ఎక్కువే చేస్తుంది. అందరూ దాన్ని మెచ్చుకుంటారు. పోయిన సాకెట్లను ఎవరూ తలుచుకోరు. అలా పోయినవాటిలో ఒకటైన తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టును గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. నేను ఇంజనీరును కాను, చదివింది బి.కాం. కనుక లెక్కలవాడి కంటితోనే చెబుతాను.

సీరియల్ అంటే వరుస. ఒకే తీగ మీద సంకేతాలు చీమల బారులాగా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1960లో దీనికి ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం ఏర్పరచింది. మోడెముల కోసం పుట్టినది తరువాత ప్రింటర్లకూ తూకపు యంత్రాలకూ పాకింది. మన దేశంలో రంగరాజన్ కమిటీ 1984 నివేదిక తరువాత బ్యాంకు శాఖల్లోకి లెడ్జరు పోస్టింగు యంత్రాలు వచ్చాయి. ఆ తరువాతి రోజుల్లో నేను కౌంటరులో కూర్చున్నప్పుడు పాసుపుస్తకం ప్రింటరు ఈ తొమ్మిది పిన్నుల తీగతోనే పలికేది. 1996లో యూఎస్‌బీ వచ్చింది. ఆ పై పదేళ్ళలో ఇళ్ళలో వాడే కంప్యూటర్ల నుంచి సీరియల్ పోర్టు మెల్లగా తప్పుకుంది. కానీ తూకం యంత్రం చేసేవాళ్ళు మాత్రం దాన్ని వదలలేదు. పనిచేస్తున్నదాన్ని ఎందుకు మార్చాలని వాళ్ళ లెక్క కావచ్చు.

ఈ సంగతి నా ముందుకు మళ్ళీ వచ్చింది ఒక పాల లెక్క రూపంలో. అప్పట్లో నేను కోలారు జిల్లాలో, శ్రీనివాసపురం వైపు ఒక శాఖలో ఉన్నాను. అటు పల్లెల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా శాఖలో అప్పు తీసుకుని రెండు ఆవులు కొన్న ఒక పెద్దమ్మ ఒకనాడు మనవరాలి బడి నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. పదిహేను రోజులకొకసారి పాల డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది, అందులోంచే అప్పు వాయిదా తీసుకుంటాము. ఈసారి పడింది తక్కువ అని ఆమె బాధ. రోజూ రెండు పూటలా తూకం మీద కనపడిన అంకెను మనవరాలు ఆ పుస్తకంలో రాసి పెట్టింది.

“సెక్రెటరీ దొంగ అని నేను అనను సార్. ఆయప్ప మా ఊరోడే. కానీ నా పాలు యాడికి పోయినాయో చెప్పండి, చాలు” అంది.

మనవరాలి పుస్తకాన్నీ సంఘం ఇచ్చిన చీటీనీ పక్కపక్కన పెట్టి ముప్పై పూటల లెక్కా చూశాను. ఇరవై ఏడు చోట్ల సరిపోయింది, మూడు చోట్ల తేడా. పుస్తకంలో 7.6 ఉన్నచోట చీటీలో 6.7. పుస్తకంలో 6.4 అయితే చీటీలో 4.6. మూడోచోట పుస్తకంలో 5.6, చీటీలో 6.5. తేడాలు వరసగా 0.9, 1.8, 0.9. లెడ్జర్లు సరిచూసిన వాళ్ళెవరికైనా ఇది చూడగానే నవ్వు వస్తుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదికి లొంగుతుంది. బ్యాలెన్సు కుదరనప్పుడు మా పాత హెడ్ క్లర్కులు మొదట చేసే పరీక్ష అదే. పైగా మూడో తప్పు ఆమెకే లాభం చేసింది. దొంగ అయినవాడు అలా రాయడు. ఇది చేతివాటం కాదు, చేతి తొందర. మొత్తం మీద ఆమెకు తగ్గింది 1.8 కిలోలు. డబ్బుగా చూస్తే చిన్నదే. కానీ ఊళ్ళో సెక్రెటరీ పేరు అప్పటికే పాడవుతోంది, సగంమంది ప్రైవేటు పాలబండికి పోసే ఆలోచనలో ఉన్నారు.

తప్పు ఎక్కడ మొదలైందా అని విచారిస్తే విషయం తేలింది. ఇంతకుముందు సంఘంలో పాత కంప్యూటరు ఉండేది. తూకం యంత్రం నుంచి తీగ నేరుగా దానిలోకి వెళ్ళేది, బరువు దానంతట అదే నమోదయ్యేది. అది చెడిపోయాక ట్యాబ్ కొన్నారు. ట్యాబ్‌కు తొమ్మిది పిన్నుల సాకెట్టు లేదు. పాత కేబులు పాత కంప్యూటరుతో పాటే పాతసామాన్ల వాడికి పోయింది. అప్పటినుంచి సెక్రెటరీ తూకం మీద అంకె చూసి ట్యాబ్ మీద కొడుతున్నాడు. తెల్లవారుజామున చలిలో, క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ వందమంది ఎదుట. కొత్త యంత్రం వచ్చాక లెక్కలో ఒక మనిషి చెయ్యి అదనంగా చేరింది. ఎత్తి రాసే ప్రతి చోటా తప్పుకు తావుంటుందని మాకు కాలేజీలోనే నేర్పారు.

కొత్త తూకం కొనాలని కమిటీలో ఒకరన్నారు. ఉన్నది బాగానే పనిచేస్తోంది, తూనికలు కొలతల శాఖ ముద్ర దాని మీద ఉంది. ఆ ముద్ర ఉన్న యంత్రాన్ని విప్పి లోపల చెయ్యి పెట్టడం కుదరదు కూడా. కనుక తూకం జోలికి పోకుండా ట్యాబ్‌కే సీరియల్ పోర్టు తగిలించాలన్నది ఆ ఊళ్ళో మొబైళ్ళు బాగుచేసే డిప్లొమా కుర్రాడి మాట. ఒక ఆదివారం అతని పక్కన కూర్చుని చూశాను.

తీగను నేరుగా ట్యాబ్ లోపలి చిప్‌కు అతికిస్తే చిప్ కాలిపోతుందట. సీరియల్ తీగ మీద మూడు నుంచి పదిహేను వోల్టుల ధన విద్యుత్తు ఉంటే సున్నా అని అర్థం, అంతే మేర రుణ విద్యుత్తు ఉంటే ఒకటి అని అర్థం. ధనానికి సున్నా, రుణానికి ఒకటి విలువ కట్టే లెక్క నేను మా బ్యాంకులో ఎన్నడూ చూడలేదు. ట్యాబ్ లోపలి చిప్ మాత్రం మూడు వోల్టుల లోపో, కాస్త పైనో పనిచేసే సుకుమారి. కనుక మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో దొరికే యూఎస్‌బీ–సీరియల్ కన్వర్టరు అదే. దానికి ట్యాబ్ వైపు ఓటీజీ కేబులు కావాలి. యూఎస్‌బీలో ఒకరు అడగాలి, మరొకరు జవాబు చెప్పాలి. కంప్యూటరుకు తగిలిస్తే ట్యాబ్ జవాబు చెప్పే పక్షం. 2001లో వచ్చిన ఓటీజీ పద్ధతి వల్ల అదే అడిగే పక్షంగా మారగలదు. ఇలా తగిలించిన పరికరాలతో ప్రోగ్రాములు మాట్లాడే సౌకర్యం ఆండ్రాయిడ్‌లో 2011 నుంచి ఉంది.

తొమ్మిది పిన్నుల్లో కావలసినవి మూడే. కంప్యూటరు వైపు రెండోది వినేది, మూడోది చెప్పేది, అయిదోది ఇద్దరికీ ఉమ్మడి ఎర్తు. కుర్రాడు మొదట రెండును రెండుకూ మూడును మూడుకూ అతికాడు. ఏమీ రాలేదు. ఆ తూకం యంత్రానికి కూడా మూడోదే చెప్పే పిన్ను. ఇద్దరూ ఒకే తీగ మీద చెబుతున్నారు, రెండో తీగ మీద ఇద్దరూ చెవులప్పగించి కూర్చున్నారు. చెప్పేది వినేదానికి చేరేలా తీగలు అడ్డం మార్చాడు. నాకు జంటపద్దు విధానం గుర్తొచ్చింది. ఒక ఖాతాలో ఖర్చు రాసినది మరో ఖాతాలో జమ పడితేనే లెక్క నిలుస్తుంది. రెండు వైపులా ఖర్చే రాస్తే అది లెక్క కాదు.

ఈసారి ట్యాబ్ మీద అక్షరాలు వచ్చాయి, కానీ పిచ్చిగీతల్లా. కుర్రాడు కంగారుపడలేదు. “వేగం కలవలేదు సార్” అన్నాడు. తూకం సెకనుకు 2400 సంకేతాలు పంపుతోంది, ట్యాబ్ 9600 లెక్కన వింటోంది. నిదానంగా మాట్లాడేవాళ్ళ మాటను తొందరపడి వింటే అలాగే ఉంటుంది. వేగం సరిచేయగానే తూకం మీది అంకే ట్యాబ్ మీద కనపడింది. అలా వచ్చిన అంకెను గడిలో పెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి జతచేశాడు. ఒక ఇబ్బంది మిగిలింది. ఉన్న ఒక్క సాకెట్టూ కన్వర్టరుకే పోయింది కాబట్టి పాలు పోసేటంతసేపూ ఛార్జింగు కుదరదు. పూటకూ పూటకూ మధ్య పెట్టుకోవాలి. తెల్లవారేసరికి బ్యాటరీ నిండుగా ఉండేలా చూసుకోవడం సెక్రెటరీకి కొత్త పని అయింది.

ఆ తరువాతి పదిహేను రోజుల చీటీ, మనవరాలి పుస్తకం ముప్పై చోట్లా సరిపోయాయి. పాత తేడా 1.8 కిలోల డబ్బు కమిటీ ఆమెకు కలిపి ఇచ్చింది. సెక్రెటరీ నాతో ఒక్క మాటే అన్నాడు: “ఇప్పుడు నేను తలెత్తి మనుషుల మొహాలు చూస్తా ఉండాను సార్, ఇంతకుముందు అంకెలే చూసేవాణ్ణి.”

“అయితే ఇంక ఈ పుస్తకం వద్దా సార్?” అని పెద్దమ్మ అడిగింది. మానవద్దని గట్టిగా చెప్పాను. తీగ చేయగలిగింది ఒక్కటే, తూకం చూపిన అంకెను మార్చకుండా చేర్చడం. ఖాళీ క్యాను బరువు తీసేయడం మరిచిపోతే తీగ ఆ తప్పును కూడా నమ్మకంగా చేరుస్తుంది. ఒకరి పాలు మరొకరి నంబరు కింద నొక్కితే దానికి తెలియదు. కిలోను లీటరుగా మార్చేటప్పుడు సుమారు 1.03తో భాగించాలి. ఆ భాగహారం సరిగా జరుగుతోందో లేదో తీగ చెప్పదు. బ్యాంకు లెడ్జరు బ్యాంకులో ఉన్నా పాసుపుస్తకం ఖాతాదారు ఇంట్లో ఎందుకుండాలో, మనవరాలి పుస్తకం కూడా అందుకే ఉండాలి. రెండు చేతుల్లో రెండు లెక్కలున్నప్పుడే ఏది తప్పో తెలుస్తుంది.

ఒక మాట మాత్రం నాకు గట్టిగా తోస్తుంది. కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని పారేయమనడం సులభం. పాతదాని మాట కొత్తది నేర్చుకోవాలనడం కొంచెం కష్టం, కానీ ఖర్చు తక్కువ, నష్టం ఇంకా తక్కువ. ముసలి యంత్రాన్ని వేగం పెంచుకోమని ఎవరూ అడగలేదు, ట్యాబే తన వేగం తగ్గించుకుంది. బలమున్నది, కొత్తది, చురుకైనది తగ్గడమే న్యాయం కూడా. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా తరాలు గడిపిన మన బోటివాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. అవతలివాడు చెప్పేది మన చెవికి, మనం చెప్పేది అవతలివాడి చెవికి చేరాలి. ఇద్దరికీ ఒక వేగం కుదరాలి. కాళ్ళ కింద నేల ఒకటే కావాలి. దానికి మూడు తీగలు చాలు.