తెగిన తీగ

గోదావరి డెల్టాకు కొండలు లేవు. 1852లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువ నీటితో పచ్చబడిన ఆ నేల, తణుకు నుండి కొల్లేటి దాకా పరచిన చాపవలె సమతలంగా కనిపిస్తుంది. అటువంటి చోట సైకిలుకు గేర్లు ఎందుకన్న సందేహం ఎవరికైనా కలుగవచ్చు. అయితే ఆషాఢ మాసంలో పడమటి గాలికి ఎదురు తొక్కినవారికి ఆ సందేహం మిగలదు. కొండ ఒకచోట మొదలై మరొకచోట ముగుస్తుంది. ఎదురుగాలికి మాత్రం అంతు కనిపించదు. గేర్ల విలువ అప్పుడు తెలుస్తుంది. ఆ గేర్లన్నీ ఒక సన్నని తీగపై ఆధారపడి ఉన్నాయన్న సంగతి అది తెగినప్పుడు గాని తెలియదు.

చేతి కింద ఉండే గేరు మీటకు, వెనుక చక్రం వద్ద గొలుసును ఒక పళ్లచక్రం నుండి మరొక పళ్లచక్రానికి జరిపే యంత్రానికి నడుమ ఉన్న బంధమే ఈ ఉక్కుతీగ. దాని మందం ఒక మిల్లీమీటరు కన్న కొంచెం ఎక్కువ. అనేక సన్నని పోగులను పురిపెట్టి పేనిన ఆ తీగ ఒక గొట్టం లోపల కదులుతుంది. తీగను లాగినప్పుడు గొట్టం ఆ ఒత్తిడిని ఓర్చుకొని నిలుస్తుంది. అందువల్ల వంకర దారిలోనైనా లాగుడు చివరి వరకు చేరుతుంది. బ్రిటన్‌లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ ఈ ఏర్పాటుకు 1896లో పేటెంటు పొందాడు. సైకిలు బ్రేకులలోనూ, మోపెడు క్లచ్చిలోనూ, పాత బజాజ్ స్కూటరు గేర్లలోనూ ఉన్నది ఇదే సూత్రం.

ఇంత సమర్థమైన తీగ తెగడానికి ముఖ్య కారణం లాగుడు కాదు, వంపు. బైండింగు తీగను అటూ ఇటూ పలుమార్లు వంచితే పుటుక్కున తెగిపోవడం అందరూ ఎరిగినదే. దీనిని లోహపు అలసట అంటారు. రోడ్డు సైకిలు మీట లోపల తీగ తల ఒక చిన్న కప్పీలో కూర్చొని ఉంటుంది. గేరు మారిన ప్రతిసారి తీగ ఆ తల దగ్గరే వంగుతుంది, అక్కడే తిరిగి నిటారవుతుంది. మొదట ఒక పోగు తెగుతుంది, తరువాత మరొకటి. గేర్లు ఆలస్యంగా మారడం, ఎంత సరిచేసినా కుదురుగా నిలవకపోవడం ఆ తీగ చేసే హెచ్చరికలు. చాలామంది మర మరికొంచెం బిగించి ముందుకు సాగిపోతారు.

తణుకులో ఒక డిగ్రీ విద్యార్థి అలాగే సాగిపోయాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అన్న, తాను కొంతకాలం తొక్కిన రోడ్డు సైకిలును తమ్ముడికి పంపాడు. దాని మీట ఒక్కటి కొత్తది కొనాలంటే మామూలు సైకిలు కొన్నంత ఖర్చు. ఒక ఆదివారం తెల్లవారుజామున ఆ యువకుడు కొల్లేరు చూసి రావాలని బయలుదేరాడు. తాడేపల్లిగూడెం చేరకముందే మీటలో టప్పున శబ్దమైంది. తీగ పట్టు తప్పగానే వెనుక ఉన్న స్ప్రింగు గొలుసును అన్నిటికన్న చిన్న పళ్లచక్రం మీదికి లాగివేసింది. తొక్కడానికి అన్నిటికన్న బరువైన గేరు అదే. ఎదురుగాలి మానలేదు. యువకుడు కంగారుతో మీటను పదే పదే నొక్కాడు. నొక్కిన కొద్దీ తెగిన పోగులు ముళ్లవలె లోపలి పళ్లలో చిక్కుకున్నాయి. చివరకు మీట కదలడమే మానివేసింది. ఇక చేసేది లేక వెనుదిరిగాడు.

ఊరిలోని సైకిలు మేస్త్రీ, ఒకప్పుడు గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చినవాడు, స్కూటర్ల గేరు తీగలు లెక్కలేనన్ని మార్చినవాడు. ఆయన మీటను చాలాసేపు పరిశీలించాడు.

"ఇలాంటిది నేనెప్పుడూ విప్పలేదు బాబూ. విరిగితే నీకు డబ్బు నష్టం, నాకు మాట నష్టం" అన్నాడు.

"అయితే చేయరా, బాబాయ్ గారూ?"

"చేయనని అనలేదు. ముందు ఆ మీట మీంచి చెయ్యి తియ్యి."

ఆ ఒక్క మాటతో సగం పని జరిగింది. మేస్త్రీ రబ్బరు తొడుగును వెనక్కు మడిచాడు. బ్రేకును పూర్తిగా నొక్కి పట్టుకోమన్నాడు. అప్పుడు మీట పక్కన తీగ తల బయటకు రావలసిన చిన్న రంధ్రం కనబడింది. విద్యార్థి ఫోను దీపం పట్టగా, మేస్త్రీ దబ్బనంతో పోగులను కదిలించి, సన్నని పట్టకారుతో ఒక్కొక్కటే తీసి తెల్లని గుడ్డపై పేర్చాడు. తెగిన తీగ చివర పోగులతో వాటిని సరిచూశాడు. ఒక్క ముక్క లోపల మిగిలినా మళ్లీ మీటను పట్టివేస్తుందని ఆయనకు స్కూటర్లు నేర్పిన పాఠం. కప్పీ పూర్తిగా వదులైతేనే తల రంధ్రానికి ఎదురుగా వస్తుందని విద్యార్థి చదివి తెలుసుకున్నాడు. పోగులన్నీ తొలగిన తరువాత అతడు చిన్న మీటను మెల్లగా, ఇక శబ్దం రానంత వరకు నొక్కాడు. మేస్త్రీ వెనుక నుండి మిగిలిన తీగ మొక్కను సన్నని కమ్మితో నెట్టాడు. ఆవగింజ కన్న పెద్దదైన సీసపు రంగు తల రంధ్రంలోంచి తొంగిచూసింది.

అన్న పంపిన సామానులోనే ఉన్న కొత్త తీగను ఎక్కించి, బిగించి, చివర పోగులు విడిపోకుండా చిన్న టోపీ తొడిగారు. రెండు గంటల పనికి మేస్త్రీ స్కూటరు తీగకు తీసుకునే కూలికన్న ఎక్కువ అడగలేదు, తక్కువా అడగలేదు.

యంత్రం కొత్తదైనంత మాత్రాన పాత అనుభవం వ్యర్థం కాదు. అనుభవం ఉన్నంత మాత్రాన కొత్త విషయం వినకుండా ఉండడమూ తగదు. ఒకరికి చేతి నేర్పు, మరొకరికి చదివిన తెలివి ఉన్నాయి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ మీట బాగయ్యేది కాదు. తనకు తెలియదని చెప్పగలిగిన మేస్త్రీ నిజాయితీ ఆ రెంటినీ కలిపింది. తెలియదన్న మాట ఆయనను తక్కువ చేయలేదు. పనిని తొందర నుండి కాపాడింది. చిక్కుకున్న దానిని బలంతో లాగితే చిక్కు మరింత బిగుస్తుంది. వచ్చిన దారి తెలుసుకొని ఆ దారినే పంపితే అది తనంతట తానే వస్తుంది.

ఆనాటి నుండి ఆ విద్యార్థి గేరు మారడం ఆలస్యమైతే మీటను గట్టిగా నొక్కడు. సైకిలు ఆపి, తొడుగు మడిచి, తీగ వంక చూస్తాడు.